గుంత గీయమన్న ఓబులేసు సార్

ఓబులేసు సార్ పోయినారు. పోయిన బుధవారం తెల్లారేటప్పుడు, కంబదూరులో, వాళ్ళ ఇంట్లోనే పోయినారు. మన ఇస్కూల్లో ఇరవై ఏండ్లకు పైన లెక్కలు చెప్పి, మనకందరికీ కాగితం మీద డబ్బాను లేపి నిలబెట్టేది నేర్పిన సార్ ఇంక లేరు. ఈ ముక్క రాసేకి నాకు మూడు దినాలు పట్టింది. ఎందుకంటే అదే పొద్దున నేను డిగ్రీ పాసైనట్ల తెలిసింది. బీయస్సీ లెక్కలు, ఫస్టు క్లాసు! మా నాయన తట్టు గానీ మా అమ్మ తట్టు గానీ ఒక మనిషి పేరు పక్కన డిగ్రీ అనే మాట పడేది ఇదే మొదలు. ఆ మాట ముందు సార్‌కే చెప్తానని ఒప్పుకొనింటి. ఆరేడు గంటలు ఆలస్యమైంది, అంతే.

ఒప్పుకొన్నది రెండేండ్ల కిందట, దసరా సెలవుల్లో సార్‌ను చూసేకి పోయినప్పుడు.

“రిజల్టు వస్తే ముందు ఎవరికి చెప్తావు పాపా?” అన్నారు సార్.

“మా నాయనకు సార్.”

“వద్దు. మీ నాయన పాసంటే చాలు, ఎగిరి గంతేస్తాడు. నేనైతే యా పేపర్లో ఎన్ని అని అడుగుతా. అడిగేవానికి ముందు చెప్పల్ల.”

“సరే సార్.”

“అప్పుడే ఆ గుంత కత కూడా తేల్చేయల్ల. మర్చిపోయినావేమో!”

మర్చిపోయింటి. ఆ కత రొంతసేపుండి చెప్తా.

పరీక్షలైనాంక నేను అనంతపురంలో ఒక జిరాక్సు అంగట్లో పని చేస్తాండాను. ఆడ నెట్టు కూడా ఉండాది. బుధవారం పొద్దున రిజల్టు వచ్చిందంటే నెంబరు కొట్టి కండ్లు మూసుకొన్నాను. మా ఓనరన్నే చదివినాడు. “పాసు మే! ఫస్టు క్లాసు! ఘనజ్యామితి ఉండే పేపర్లో తొంభై ఒకటి!” కాగితం తీసిచ్చి “పో పో, బిరీన మీ ఊరికి పో” అని తరిమినాడు. మా పక్కింటోళ్ళకు ఫోనుండాది. చేస్తే మా అమ్మ వీధంతా వినపడేట్ల అరుస్తాది. చేయలా. సార్‌కు మాటిచ్చినా గదా. కాగితాన్ని నాలుగు మడతలేసి సంచిలో పెట్టుకోని బస్సెక్కినాను. దావ పొడుగునా లోపలే చెప్పుకొంటాండా, సార్ తొంభై ఒకటి, సార్ తొంభై ఒకటి అని.

కళ్యాణదుర్గంలో బస్సు మారల్ల. బస్టాండులో ఖాదర్ కనపడినాడు. పదో తరగతి మా కూడా చదివినోడు, ఇప్పుడు పంచర్ల అంగడి పెట్టుకోనుండాడు.

“సార్ కాడికేనా?” అన్నాడు.

“ఊఁ, సార్ కాడికే. నీకెట్ల తెలుసు?”

“పొద్దున్నే తెలిసింది. కంబదూరంతా తెలుసు.”

నా రిజల్టు కంబదూరంతా తెలిసిపోయిందనుకొంటి నేను. నేల మీద కాలు నిలవలా.

“అంత బిరీన ఎవరు చెప్పినార్రా?”

“మైకులో చెప్పినారు మే.”

“మైకులోనా!” నాకు నవ్వు ఆగలా.

ఖాదర్ నన్ను అదోమాదిరి చూసినాడు. “ఏమే, నవ్వుతాండావు? సార్ సచ్చిపోతే నవ్వుతాండావా నువ్వు?”

అట్ల తెలిసింది నాకు. నవ్వు ఇంకా మొగం మీదనే ఉండాది. దాన్ని తీసి యాడ పెట్టల్లో తెలీలా. కంబదూరు బస్సులో ఖాదర్ నా పక్కనే కూర్చొన్నాడు. సంచిలో కాగితం ఉండాదని వానికి చెప్పలా.

సార్‌ను చూడనోళ్ళకు చెప్తా. సన్నంగా, పొడుగ్గా ఉంటాడు మనిషి. చొక్కా మీద ఎప్పుడూ సుద్దపొడి. ఎడమ కన్ను లేదు. చిన్నప్పుడు చిల్లాకట్టె ఆడతాంటే బిళ్ళ తగిలి పోయిందంట. దూరమేదో దగ్గరేదో మిగిలిన ఆ ఒక్క కంటికి సరిగ్గా తెలిసేది కాదు. నీళ్ళు పోసుకొనేటప్పుడు చెంబు అంచును లోటాకు తగిలించి, టక్కుమని వినపడినాంకే వంచుతారు. బస్సెక్కేటప్పుడు కాలితో మెట్టును తడిమి ఎక్కుతారు. పిల్లోళ్ళు సుద్దముక్క విసిరితే పట్టుకోలేరు. అట్లాంటి మనిషి మనకు పొడుగూ వెడల్పూ ఎత్తూ మూడూ ఉండే వస్తువును చదును కాగితం మీద గీసేది నేర్పినాడు.

ఎనిమిదో తరగతిలో మొదటి దినమే తేల్చేసినారు. “రేయ్, నాకు ఒక కన్నేనని మీకందరికీ తెలుసు. నా ఎనకాల మీరు పెట్టుకొన్న పేరు నాకూ తెలుసు.” మేమందరం తలకాయలు కిందికేసుకొన్నాము. “మీకు రెండు కండ్లుండాయి. అదే మీ కష్టం. రెండు కండ్లోనికి లోకం ఉబ్బెత్తుగా కనపడతాది, కాగితం మీదికి దిగదు. నాకు లోకమంతా నల్లబోర్డు మాదిరి చదునే. చూసింది చూసినట్ల గీసేస్తా. ఇప్పుడు అందరూ ఒక కన్ను మూసుకోండి.”

టేబులు మీద సుద్దముక్కల డబ్బా పెట్టినారు. నలభై మందిమి ఒక కన్ను గట్టిగా మూసుకోని, చెయ్యి చాపి, పుల్లతో డబ్బా అంచులను కొలుస్తాండాము. అంతలోకే హెడ్మాస్టరు వచ్చినాడు.

“ఏమిరా ఇది! మీ సార్‌నే ఎక్కిరిస్తాండారా? ఎవడ్రా మొదలుపెట్టింది? బెత్తం తేపోండి!”

“నేనే సార్ మొదలుపెట్టింది,” అన్నారు ఓబులేసు సార్. “ఈ గంటసేపు క్లాసంతా నా మాదిరే. మీరూ ఒకటి మూసుకోండి సార్, డబ్బా బాగా కనపడతాది.”

హెడ్మాస్టరు నిజంగానే ఒక కన్ను మూసుకోని డబ్బా తట్టు చూసినాడు. “ఊఁ... ఔనే,” అని గొణుక్కొంటా పోయినాడు. ఆయన వరండా దాటిందాకా సార్ నవ్వకుండా నిలబడినారు.

నేను చేసిన తప్పు ఒకటుండాది. ఇస్కూల్లో ఇప్పటికీ చెప్పుకొంటారంట, కాబట్టి నేనే చెప్తా. డబ్బాకు పన్నెండు అంచులు. ఒక మూలకు ఎదురుగా నిలబడి పైనుంచి చూస్తే తొమ్మిది కనపడతాయి, దూరం మూలలో మూడు దాక్కొంటాయి. కనపడేవాటికి నిండు గీత, దాక్కొన్నవాటికి చుక్కల గీత పెట్టల్ల. సార్ బోర్డు మీద గీసి మమ్మల్ని గీయమన్నారు. నేను చుక్కలు పెట్టి, ఆ చుక్కలన్నీ చక్కగా కలిపేసినాను.

“ఏం పాపా, చుక్కలు యాడ పోయినాయి?”

“కలిపినా సార్.”

“ఎందుకు కలిపినావు?”

“చుక్క పెడితే కలపల్ల గదా సార్! కలపకుండా వదిలితే మా అమ్మ తిడతాది.”

మొగపిల్లోళ్ళకు ఏమీ అర్థం కాలా. ఆడపిల్లోళ్ళ నోట్సులు చూస్తే అందరివీ అంతే! పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి వచ్చిన చేతులు, చుక్క కనపడితే ఊరికే ఉంటాయా. సార్ నవ్వి నవ్వి ఆ ఒక్క కంట్లో నీళ్ళు తుడుచుకొన్నారు. ఆమీట నా నోట్సు పైకెత్తి క్లాసుకంతా చూపిస్తా చెప్పినారు. “వీళ్ళమ్మది తప్పు లేదు. ముగ్గు నేల మీద పండుకోనుంటాది. పండుకొన్నదానికి దాచేకి ఏమీ ఉండదు. నా డబ్బా లేచి నిలబడుండాది. నిలబడినదానికే ఎనకపక్క ఉంటాది. కనపడని అంచును గీయకపోతే డబ్బా కూలిపోతాది. నిండుగా గీస్తే అబద్ధమైతాది. అందుకే చుక్కలు. ఉండాది, కానీ నాకు కనపడ్డంలేదని ఒప్పుకొనేదే చుక్కల గీత.”

ఆ దినం నుంచి నన్ను “కలిపే పాప” అని పిలిచేవారు.

సార్‌కు అన్నీ తెలుసని మేము అనుకొంటాంటిమి. తెలీదని ఆయన ఒప్పుకొన్నది కూడా నేను చూసినాను. నేను తొమ్మిదిలో ఉండేటప్పుడు మా నాయన చేన్లో బోరు వేయించినాడు. లారీ పొద్దున్నుంచి గుర్రుమంటానే ఉండాది. ఊరంత దుమ్ము లేచింది గానీ తడి మన్ను రాలా. సార్ అట్ల పోతా గట్టు మీద నిలబడినారు. మా నాయన మొగమంతా తెల్లగా దుమ్ము పట్టింది. కండ్లు మాత్రం కనపడతాండాయి.

“సార్, కనపడనిదాన్ని గీసేది మీకు తెలుసంట గదా, మా పాప చెప్తాంటాది,” అన్నాడు. “నీళ్ళు యాడుండాయో రొంత గీసియ్యండి సార్.”

అది ఎకసెక్కమో ఏడుపో నాకు తెలీలా. సార్ వంగి ఆ బొక్కలోకి చూసినారు.

“డబ్బాకు ముందరపక్క తెలిస్తే ఎనకపక్క చెప్పొచ్చప్పా. భూమికి నాకు తెలిసింది పైన ఒక్కటే. నాకు చేతకాదు.”

ఆ వారం మా పుస్తకంలో స్థూపం పాఠం రావల్ల. మా తట్టు బోరు గొట్టం కంటే మంచి స్థూపం యాడ దొరుకుతాది? సార్ ఆ పాఠం వదిలేసి గోళానికి పోయినారు. క్లాసులో ఎవరూ ఎందుకని అడగలా. నేనూ అడగలా. నెల పైన అయినాంక, మా ఇంట్లో బోరు మాట ఆగిపోయినాంక, వెనక్కి వచ్చి స్థూపం చెప్పినారు.

బెల్లం దినం గూడా చెప్పల్ల. శంకువును అడ్డంగా కోస్తే గుండ్రంగా వస్తాది, ఏటవాలుగా కోస్తే కోడిగుడ్డు మాదిరి వస్తాదని చెప్తే మేము నమ్మలా. సార్ మరుసటి దినం బెల్లాన్ని శంకువు మాదిరి చెక్కి తెచ్చినారు. కోసి చూపించినారు, నమ్మినాము. నమ్మినోళ్ళకు ఒక ముక్క. నమ్మనోళ్ళకు ఇంకోసారి కోసి చూపించి ఇంకో ముక్క ఇచ్చినారు. దాంతో ఎవరూ నమ్మకుండా పోయినారు. పీరియడు అయ్యేసరికి శంకువే లేదు.

ఇంక గుంత కత. పదో తరగతి ఆఖరి నెలలో ఇస్కూలు ఎనకాల వాననీళ్ళు ఇంకేకని పెద్ద గుంత తవ్వినారు. సార్ బోర్డు మీద ఏమీ గీయకుండా అన్నారు, “డబ్బా అందరికీ వచ్చింది. ఇప్పుడు గుంత గీయండి. అంచు మీద నిలబడి చూస్తాండారనుకోండి. యాటికి చుక్కలు పెట్టల్ల?”

అదేం పెద్ద లెక్క అనుకొన్నాము. అందరం డబ్బా మాదిరే గీసి దూరం మూలలో చుక్కలు పెట్టినాము. సార్ ఒక్కదాన్ని కూడా దిద్దలా. ప్రతి నోట్సులోనూ ఎర్రసిరాతో ఒకటే మాట రాసి ఇచ్చినారు, “చూసి గీయి.” గుంత కిటికీ అవతలనే ఉండాది. లేచి పోయి చూస్తే అయిపోతాది. పరీక్షల గడబిడలో ఒక్కరమూ పోలా. సార్ కూడా జవాబు చెప్పలా.

ఆమీట నేను కాలేజీకి పోయినాను. ఆడ ఘనజ్యామితి అంటే అంతా సమీకరణాలే, ఒక్క బొమ్మా గీయరు. నేను నోట్సు అంచున చిన్న బొమ్మ గీసుకోని, చుక్కలు పెట్టుకోని, దాన్ని చూసి లెక్క చేస్తాంటి. తొంభై ఒకటి అట్ల వచ్చినాయి. గోళాలు గీసినాను, శంకువులు గీసినాను. గుంత మాత్రం గీయలా.

సార్ రిటైరైన ఏడాదికే షుగరు ఆయన రెండో కంటిని పట్టుకొనింది. లోపల రక్తం చిమ్మిందన్నారు, బెంగళూరుకు కూడా పోయొచ్చినారు, చూపు రాలా. ముందర చెప్పిన ఆ దసరా సెలవుల్లో నేను పోయింది అందుకే. సార్ అరుగు మీద కూర్చోనుండారు. నాకు నీళ్ళిచ్చేకి చెంబు అంచును లోటాకు తగిలించి, టక్కుమన్నాంక పోసినారు. ఒక చుక్క కింద పడలా. ఆమీట తడి వేలితో అరుగు బండ మీద ఆ లోటానే గీసినారు. పైన గుండ్రం, పక్కన రెండు గీతలు, కింద ముందర సగం నిండు గీత, ఎనక సగం వేలికొనతో టక టక టక చుక్కలు. ఒక్కటీ తప్పలా!

“ఎట్ల సార్?” అన్నాను.

“ఇప్పుడే బాగా కనపడతాది పాపా. కన్నుండేటప్పుడు ముందరపక్కే తెలిసేది. ఇప్పుడు చేత్తో పట్టుకొంటానే ఎనకపక్క కూడా తెలుస్తాది.”

నాకు ఎంత సంతోషమైందో. “నిజంగానా సార్?”

సార్ తడి చెయ్యి పంచెకు తుడుచుకొన్నారు. “ఊరికే అన్నాలే. ఏమీ కనపడదు పాపా. నీ మొగం కూడా కనపడదు.”

బండ మీద లోటా అప్పటికే సగం ఆరిపోయింది. మా తట్టు ఎండకు తడి ఎంతసేపుంటాది. ఆ తరవాతనే సార్, రిజల్టు వస్తే ముందు ఎవరికి చెప్తావని అడిగింది.

బుధవారం మేము పోయేసరికి వాకిట్లో మంచం వేసి సార్‌ను పండబెట్టినారు. ముక్కులో దూది, కాళ్ళ కాడ ఊదొత్తులు. రెండు కండ్లూ ఒకే మాదిరి మూసుకోనుండాయి. అట్ల ఆయన్ను నేనెప్పుడూ చూడలా. సార్ భార్య నా రెండు చేతులూ పట్టుకొనింది. మేమందరం ఆమెను అమ్మా అనే అంటాము.

“వచ్చినావా పాపా. నీ పరీక్షలప్పుడు మేము అనంతపురంలోనే ఉంటిమి, తెలుసా? కిడ్నీలు పోయినాయని పదైదు దినాలు ఆసుపత్రిలో పెట్టుకొన్నారు. నీకు చెప్తానంటే వద్దే వద్దన్నారు. ‘కలిపే పాపకు లెక్కల పేపరుండాది, చెప్తే నా మీద ఒట్టే’ అన్నారు.”

ఆ పదైదు దినాలూ నేను ఆ ఆసుపత్రి గోడ పక్కనుంచే నడిచి పరీక్షలకు పోయినాను. గోడ మీద చెయ్యి ఆనించి చెప్పు సరిచేసుకొన్నది కూడా గుర్తుండాది.

గుంత తీసేది సార్ వాళ్ళ చేన్లోనే. తీసేవాళ్ళలో మా నాయన ఉండాడు. చేతులనిండా ఎర్రమన్ను పూసుకోని వాకిట్లోకి వచ్చి, నన్ను చూసి, రిజల్టు ఏమైందని కండ్లతోనే అడిగినాడు. ఇప్పుడు కాదన్నట్ల నేను తలాడించినాను. ఆయన మొగం వాడిపోయింది. దగ్గరకొచ్చి మెల్లగా చెప్పినాడు, “పోతే పోనీలే పాపా. మళ్ళా రాస్తువు. సార్ ఉన్నింటే ఇదే అనేటోడు.”

సంచిలో ఫస్టు క్లాసు పెట్టుకోని, ఫెయిలైనందుకు మా నాయన చెప్పే ఓదార్పు విన్నాను నేను. ఏం చెప్పల్ల? సార్‌కు ముందు చెప్తానని మాటిచ్చినా, అందుకే నీకు చెప్పనంటే ఎవరైనా వింటారా? ఆ మాట విడిపించాల్సిన మనిషి మంచం మీదుండారు.

చేన్లో గుంత కాడ ఒక అంచున నిలబడినాను. మా నాయన పార పట్టుకోని ఎదురంచున నిలబడినాడు. సార్‌ను దించుతాండారు. నేను కిందికి చూసినాను. ఎదురుగోడ అంతా కనపడతాండాది, పైన ఎర్రమన్ను, దాని కింద తెల్ల సుద్దమన్ను. పక్కగోడలు కనపడతాండాయి. అడుగున సార్ తెల్లపంచె కనపడతాండాది. నా కాళ్ళ కింద గోడ మాత్రం కనపడ్డంలేదు. నేను నిలబడిన అంచే దాన్ని దాచేసింది. మా నాయనకు నా కాళ్ళ కింద గోడ కనపడతాంటాది. ఆయన కాళ్ళ కిందది నాకు కనపడతాండాది. ఎవరి కింద గోడ వాళ్ళకు కనపడదు. డబ్బాకు దూరముండేది దాక్కొంటాది. గుంతకు దగ్గరుండేది దాక్కొంటాది.

అంతే సార్ జవాబు. కిటికీ అవతలనే ఉన్నింది, నాకు ఐదేండ్లు పట్టింది. చెప్పల్సిన మనిషిని దాంట్లోకే దించుతాండారు.

నా వంతు వచ్చినప్పుడు పిడికెడు మన్ను తీసుకోని వంగినాను. “సార్, పాసైనా. ఘనజ్యామితి పేపర్లో తొంభై ఒకటి,” అన్నాను. మిగిలిన తొమ్మిది యాడ పోయినాయి పాపా అని సార్ తప్పకుండా అడిగేవారు. ఎవరూ అడగలా. మన్ను పడిన శబ్దమొక్కటే వినపడింది. తలెత్తితే అవతల మా నాయన నా పెదాలనే చూస్తాండాడు. ఆయనకు తెలిసిపోయింది. నవ్వకూడని చోట నవ్వొచ్చి, పారకు తల ఆనించి మొగం దాచుకొన్నాడు.

ఇప్పుడు మా ఊర్లో అందరికీ తెలుసు. మా అమ్మ వీధంతా చెప్పింది, నేను కూడా కనపడినోళ్ళకంతా చెప్తాండాను, చెప్పకుండా ఉండలేను. అందరూ పాసా అంటారు, సంతోషమంటారు. యా పేపర్లో ఎన్ని అని ఒక్కరూ అడగరు. ఇస్కూలుకు ఇంకో లెక్కల సారు ఎప్పుడో వచ్చినాడు, రెండు కండ్లుండే మంచి సారేనంట. మా చేత ఒక కన్ను మూయించి లోకాన్ని చూపించిన మనిషి యాడ నుంచి వస్తాడు?

నిన్న రిజల్టు కాగితం ఎనకపక్క గుంత గీసినాను సార్. చూసే గీసినాను. నా తట్టుండే గోడకు చుక్కలు పెట్టినాను. ఎర్రసిరాతో దిద్దేకి మీరు లేరు, అందుకని అట్లనే మడిచి పెట్టుకొన్నాను.

ఈసారి చుక్కలు కలపలేదు సార్.